జగర్గుండా పిల్లలకు పుస్తకాలు ఎంచినదెవరు?

దక్షిణ బస్తర్‌లోని జగర్గుండాలో 2006లో మూతపడిన బడి మళ్లీ తెరుచుకున్నది 2019 జూన్‌లో. అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ప్రభుత్వం దానిని పండుగలా జరిపింది. జరపవలసిందే. అయితే లెక్క మాత్రం కఠినమైనది. బడి మూసిననాడు ఆరేళ్ల వయసున్న పిల్లవాడికి, అది తెరిచేనాటికి పందొమ్మిదేళ్లు. ఆ మధ్యకాలమంతా ఆ పిల్లవాడి చేతిలో ఏ పుస్తకం ఉండాలో ఎవరు నిర్ణయించారన్న ప్రశ్న మన రాజకీయ చర్చల్లో దాదాపుగా వినిపించలేదు. ఎన్‌కౌంటర్ల అంకెలు తెలిసినంతగా అలమారల అంకెలు తెలియవు.

నగరాల్లో ఇప్పుడు హోమ్‌స్కూలింగ్ ఒక ఆసక్తికర అంశం. బడి ఒత్తిడి వద్దనుకున్న తల్లిదండ్రులు ఏ విజ్ఞాన పుస్తకం కొనాలి, ఏ సైన్సు కిట్టు తెప్పించాలి, వయసుకు తగ్గదేది అని తర్కించుకుంటారు. అది మంచి తర్కమే. కాని ఇంట్లో చదువు అన్నది ఎంపిక కాక శిక్షగా వచ్చిన చోట ఆ ప్రశ్నకు అర్థమే మారిపోతుంది. బాలల నిర్బంధ ఉచిత విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు ప్రతి బిడ్డకూ చదువు హక్కు అన్నది. ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలని ఆ చట్టపు అనుబంధమే చెబుతుంది. సరిగ్గా ఆ ఏప్రిల్ 6వ తేదీన, దోర్నపాల్ నుంచి జగర్గుండా వెళ్లే దారి పక్కనున్న తాడ్‌మెట్ల వద్ద 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. ఆ దారిలో హక్కు ప్రయాణించలేదు.

ఇక్కడికి ఎలా వచ్చామన్నది పాఠకులకు కొంత తెలిసిన కథే. 2005 వేసవిలో సల్వాజుడుం మొదలైంది. మరుసటి ఏడాదికి జగర్గుండా ఒక శిబిరమై, ఊరి చుట్టూ ముళ్లకంచె లేచింది. చుట్టుపక్కల పల్లెలవారిని అందులోకి చేర్చారు. ఒకప్పుడు వారపు సంతకు, చింతపండు, ఇప్పపువ్వు వ్యాపారానికి పేరుపడిన ఊరు, పోలీసు రక్షణలో ఏడాదికి కొన్నిసార్లు మాత్రమే వచ్చే సరుకు లారీల కోసం ఎదురుచూసే ఊరైంది. బడి భవనాల్లో బలగాలు దిగుతాయని చెప్పి మావోయిస్టులు వాటిని కూల్చారు. బలగాలు బడుల్లో దిగినమాటా నిజమే. వాటిని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. 2011 జూలై 5న నందినీ సుందర్ కేసులో సల్వాజుడుం పోకడను రాజ్యాంగ విరుద్ధమన్న తీర్పు రాసినది మన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. పద్నాలుగేళ్ల తరువాత ఉపరాష్ట్రపతి ఎన్నికల్లో అదే తీర్పు ఆయనపై ఆరోపణగా తిరిగివచ్చింది. తీర్పులో బడుల ప్రస్తావన ఉందన్న సంగతి ఆ వాగ్వాదంలో ఎవరికీ గుర్తురాలేదు.

జగర్గుండా బడిని దాదాపు 56 కిలోమీటర్ల దూరంలోని దోర్నపాల్‌కు తరలించారు. ఆ తరువాత వెదురు గోడల పోర్టాక్యాబిన్ వసతి పాఠశాలలు వచ్చాయి. అవి ఎందరో పిల్లలను కాపాడాయి. ఆ మాట అనకపోతే అన్యాయం. కాని అక్కడి పుస్తకం హిందీ. అడవిలో మావోయిస్టుల ‘జనతన సర్కార్’ బడుల్లో గోండి భాషలో, దేవనాగరి లిపిలో పాఠ్యపుస్తకాలు నడిచాయి. ఇది ఇబ్బంది కలిగించే సంగతే, అయినా చరిత్రకారుడు దాటవేయలేడు. బిడ్డ మాట్లాడే భాషలో పుస్తకం ఉండాలన్న విషయాన్ని ప్రభుత్వం కంటే ముందు గుర్తించినది ప్రభుత్వాన్ని కూల్చదలచినవారు. ఆ పుస్తకాలు పిల్లవాడిని తమ రాజకీయానికి సిద్ధం చేసేందుకు రాసినవన్నదీ అంతే నిజం. ఒక అలమారలో భాష లేదు, ఇంకో అలమారలో ప్రశ్నకు చోటులేదు. మూడో అలమార లేదు.

మూడో అలమార ఎలా ఉండవచ్చో తెలియక కాదు. ప్రపంచం ఇదే ప్రశ్నను ఒకసారి ఎదుర్కొంది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఐరోపాలోనూ ఆసియాలోనూ వేలాది బడుల ప్రయోగశాలలు బూడిదయ్యాయి. పరికరాలు కొనే డబ్బు లేదు, కొందామంటే దొరకవు. అప్పుడు యునెస్కో, జె.పి. స్టీఫెన్సన్ అనే లండన్ ఉపాధ్యాయుడు రాసిన చిన్న పుస్తకాన్ని 1948లో వెలువరించింది. అది విధ్వంసానికి గురైన దేశాల్లోని విజ్ఞాన ఉపాధ్యాయులకు సూచనల పుస్తకం. ఖాళీ డబ్బాలు, సీసాలు, తీగముక్కలతో ప్రయోగాలు చేయడం ఎలాగో అందులో ఉంది. దానినుంచే 1956లో యునెస్కో విజ్ఞాన బోధన ఆకర గ్రంథం పుట్టి అనేక భాషల్లోకి వెళ్లింది. ఇప్పుడు దుకాణాల్లో రంగుల పెట్టెల్లో అమ్ముతున్న ‘మీరే చేసుకోండి’ సైన్సు వెనుక యుద్ధశిథిలాలు కూడా ఉన్నాయన్నమాట.

మన దేశంలో ఆ ఆలోచన వేళ్లూనినది మధ్యప్రదేశ్‌లో. అప్పటికి బస్తర్ కూడా ఆ రాష్ట్రంలోనిదే. 1972లో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో ఒక విజ్ఞాన బోధన కార్యక్రమం ప్రారంభించాయి. 1978లో అది జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడి ఆ బాధ్యత తీసుకుంది. ‘బాల వైజ్ఞానిక్’ అనే వారి పుస్తకం జవాబులు చెప్పదు. చేసి చూడమంటుంది, చూసినది రాయమంటుంది. పరీక్షకు పుస్తకం తీసుకువెళ్లవచ్చు. పువ్వును విప్పి చూడడానికి ఉక్కు సూది బదులు తుమ్మముల్లు. 1978లో టెల్కో ఉద్యోగానికి సెలవు పెట్టి అక్కడికి వెళ్లిన అరవింద్ గుప్తా అనే ఇంజనీరు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను కలిపి త్రికోణాలూ ఘనాలూ కట్టించాడు. చతురస్రం నొక్కితే వంగుతుంది, త్రికోణం వంగదు. వంతెన ఎందుకు నిలుస్తుందో పిల్లవాడికి వేళ్లతోనే తెలుస్తుంది.

ఇదే కాలంలో ఢిల్లీ నుంచి వచ్చిన మరో పద్ధతిని పక్కన పెట్టి చూడాలి. 1986 జాతీయ విద్యావిధానం తరువాత, 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ ప్రతి ప్రాథమిక పాఠశాలకూ సైన్సు కిట్టు, గణితం కిట్టు, గ్లోబు, పుస్తకాలు ఇవ్వాలన్నది. ఉద్దేశం గొప్పది. చాలాచోట్ల ఆ పెట్టె తాళం వేసిన బీరువాలోనే ఉండిపోయింది. కారణం సోమరితనం కాదు. వస్తువు స్టాకు రిజిస్టరులో ఎక్కింది, పగిలితే పంతులు జవాబు చెప్పాలి. పగలకూడని కిట్టుతో ప్రయోగం జరగదు. హోషంగాబాద్‌లో పగిలినదానికి బదులు సంతలో దొరికేది. ఎంపికలో ఇంతకంటే ముఖ్యమైన గీటురాయి ఉందని అనిపించదు. ధర, రంగులు, పెట్టె మీద వయసు అంకె అన్నీ దీని తరువాతే. 2002 జూలైలో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ప్రభుత్వ బడుల్లో నిలిపివేసింది. మూడు దశాబ్దాల పని ఒక ఉత్తర్వుతో ముగిసింది. అప్పటికి రెండేళ్ల క్రితమే బస్తర్ ఛత్తీస్‌గఢ్‌లో చేరింది.

జగర్గుండాకు ఈ గీటురాయిని అన్వయిస్తే సంత ఉంది, చింతపండు ఉంది. రాగి పాత్రను చింతపండుతో తోమితే ఎందుకు మెరుస్తుందో అడిగితే ఆమ్లాల పాఠం మొదలవుతుంది. పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రబడుతుంది, అది క్షారం పాఠం. సొరబుర్రలో నీళ్లు మోసే ఇంట్లో కిట్టు ఖర్చు పెద్దదేమీ కాదు. నగరంలో అమ్మే కిట్లలో మొదటి ప్రయోగం సాధారణంగా బ్యాటరీ, తీగ, చిన్న బల్బు. మందుపాతరల దారిలో పెరిగిన బిడ్డ చేతిలో ఆ మూడింటినీ ఒక జవాను ఎలా చూస్తాడో ఆలోచించకుండా ఇక్కడికి కిట్టు పంపడం తెలివైన పని కాదు. బడిలో, పంతులు సమక్షంలో, అందరికీ తెలిసేలా చేయవలసిన ప్రయోగమది.

పుస్తకం సంగతి ఇంకా చిక్కు. గోండి మన ద్రావిడ కుటుంబపు భాష. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్ అని లెక్కపెట్టే బిడ్డకు తెలుగు పిల్లవాడు హిందీ పిల్లవాడి కంటే దగ్గర. జుడుం కాలంలో గోదావరి దాటి ఖమ్మం అడవులకు వచ్చిన గుత్తికోయల పిల్లలు తెలుగు వాచకం పట్టారు. అదీ వారి భాష కాదు, కాకపోతే అంత పరాయిదీ కాదు. 2018లో సీజీనెట్ స్వర, ప్రథమ్ బుక్స్ కలిసి గోండు యువకులచేత బాలల కథలను గోండిలోకి తెప్పించాయి. 2020 గణతంత్ర దినాన బఘేల్ ప్రాథమిక చదువును ఆదివాసీ భాషల్లో చెప్పిస్తామని ప్రకటించారు. కథలకు దారి ఆ విధంగా తెరుచుకుంది. విజ్ఞాన పుస్తకానికి మరో మెట్టు ఎక్కాలి. ఆవిరి, వేరు, ఊపిరి, నీడ వంటి వాటికి కావలసిన మాటలు ఆ ఊళ్లలో ఇప్పటికే ఉన్నాయి. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ పుట్టగొడుగు తినకూడదో తెలిసిన తల్లిని రచయితగా కూర్చోబెట్టడం పాఠ్యపుస్తక సంస్థలకు అలవాటు లేదు.

2025 మే నెలలో జగర్గుండాలో బ్యాంకు శాఖ తెరుచుకుంది. అంతకు ముందున్న గ్రామీణ బ్యాంకు మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. ప్రారంభించడానికి వచ్చిన ఆర్థికమంత్రి ఓ.పి. చౌధరి ఒకప్పుడు దంతెవాడ కలెక్టరు. ఆ జిల్లా పిల్లల చదువు మీద పనిచేసిన అధికారిగానే ఆయనకు పేరు. ఇప్పుడు రాష్ట్ర బడ్జెట్టు ఆయన చేతిలోనే ఉంది. 2019లో తెరిచిన ఆ బడిలో అలమార కొనే పద్దు కూడా అందులోదే.