దారిద్ర్యం, డెస్టిట్యూషన్, దిక్కులేనితనం: నడిగడ్డ నేపథ్యంలో ఒక పదచరిత్ర

తీవ్రమైన పేదరికాన్ని చెప్పడానికి ఆంగ్లంలో ‘పెన్యూరీ’, ‘ఇండిజెన్స్’, ‘డెస్టిట్యూషన్’ వంటి మాటలున్నాయి. మొదటి రెండూ లాటిన్‌లో కొరతను, అవసరాన్ని చెప్పే పదాల నుండి పుట్టినవి. మూడవది వేరు. ‘నిలబెట్టు’ అనే అర్థమున్న లాటిన్ క్రియకు ఉపసర్గ చేరి, ‘ఒకచోట దించి వదిలిపెట్టు’ అనే అర్థంతో ఏర్పడింది. పద్నాలుగో శతాబ్దిలో ఆంగ్లంలో ప్రవేశించినప్పుడు ‘డెస్టిట్యూట్’ అంటే విడువబడినవాడు. ధనహీనుడనే అర్థం తర్వాత స్థిరపడింది. అంటే ఈ పదం వెనుక లేనివాడితో పాటు విడిచిపెట్టినవాడు కూడా ఉన్నాడు. ఈ భావానికి తెలుగులో సాటివచ్చే మాటలేవో, అవి నడిగడ్డ చరిత్రను ఎంతవరకు చెప్పగలవో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

తెలుగువారికి చిరపరిచితమైన తత్సమం ‘దరిద్రుడు’. ధాతుపాఠం ‘ద్రా’ ధాతువుకు కుత్సితమైన గమనమనీ, ‘దరిద్రా’ ధాతువుకు దుర్గతి అనీ అర్థం చెప్పింది. ఆధునిక భాషాశాస్త్రం రెండవదాన్ని మొదటిదాని ద్విరుక్త రూపంగా గ్రహిస్తుంది. ఆ లెక్కన దరిద్రుడు మొదట అటూ ఇటూ పరుగెత్తేవాడు, తిరుగాడేవాడు. శుక్లయజుర్వేదంలోని శతరుద్రీయం రుద్రుణ్ణి ‘దరిద్ర’ అని సంబోధిస్తుంది. అక్కడ సంప్రదాయ వ్యాఖ్యానం ‘పరిగ్రహం లేనివాడు’ అంటుంది. సంచారి అన్న అర్థమూ అంతే చక్కగా పొసగుతుంది. అమరకోశం దరిద్ర శబ్దం పక్కనే ‘దుర్గత’ను చేర్చింది. అందులోనూ గమనమే ఉంది. పోతన భాగవతంలోని కుచేలుడి లేమి కూడా చివరికి ఒక ప్రయాణంగానే మారుతుంది.

దేశ్యపదాల తీరు భిన్నం. ‘లేమి’ కలిమికి ప్రతియోగి, అభావాన్ని మాత్రమే చెబుతుంది. ‘నిరుపేద’లోని ‘నిరు’కు నిషేధార్థం పొసగదు, ఆధిక్యార్థమే గ్రాహ్యం. ఇది పేదరికపు మోతాదును చెబుతుందే తప్ప కారణాన్ని చెప్పదు. ‘దిక్కులేనివాడు’ అన్న మాట వీటిని దాటి వెళ్తుంది. దిక్కు అంటే ఆశ్రయం, దిశ కూడా. ఆదుకునేవారూ పోవలసిన దారీ రెండూ లేని స్థితిని ఈ ఒక్క మాట పట్టుకుంది. ‘డెస్టిట్యూట్’కు అత్యంత సమీపమైనది ఇదే.

వడ్డేపల్లి కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలోనిది. ఇటు నిజాం రాజ్యం, తుంగభద్రకు అవతల మద్రాసు ప్రెసిడెన్సీలోని కర్నూలు. 1876–78 నాటి మహాక్షామం కర్నూలును తీవ్రంగా దెబ్బతీసింది. ప్రజలు దాన్ని సంవత్సరం పేరుతో ‘ధాత కరువు’ అన్నారు. రెండు నదుల మధ్య ఉండి కూడా ఈ నేల వర్షాధారంగానే మిగలడం గమనార్హం. రాజోలిబండ మళ్లింపు పథకంలో పాలమూరుకు 15.9 టీఎంసీలు, 87,500 ఎకరాల ఆయకట్టు కేటాయించారు. కాలువ చివరి భూములకు నీరు సరిగా అందలేదు. ఆ లోటు తీర్చడానికే 2018లో తుమ్మిళ్ల ఎత్తిపోతల అవసరమైంది. కాగితం మీద ఉన్న నీరు పొలానికి చేరకపోవడం కేవలం లేమి కాదు, విడిచిపెట్టడమే.

దాని ఫలితం వలస. బ్రౌన్ నిఘంటువు ‘వలస’కు శత్రుసేనల భయంతో ఇల్లు విడిచిపోవడమనే అర్థం చెప్పింది. పాలమూరులో సేన స్థానంలో కరువు వచ్చింది. ఊళ్లో ముందుగా బయానా ఇచ్చి మనుషులను కూడగట్టి ఆనకట్టలకు, కాలువలకు, నగరాల కట్టడాలకు తీసుకుపోయేవాడు గుంపుమేస్త్రి. ‘మేస్త్రి’ పోర్చుగీసు నుండి వచ్చిన మాట. ‘పాలమూరు లేబరు’ అనే పదబంధం ఈ క్రమంలోనే స్థిరపడింది. ఒక జిల్లా పేరు ఒక శ్రామిక వర్గానికి విశేషణమైంది. ఇతర ప్రాంతాల పొలాలకు నీరిచ్చే ఆనకట్టలకు రాళ్లు మోసినవారిలో సొంత పొలానికి నీరు లేనివారున్నారు. కుచేలుడు ఒక్కసారి వెళ్లి సంపన్నుడై తిరిగివచ్చాడు. వీరు ఏటా వెళ్లి, బయానా తీర్చి, మళ్లీ బయానాకే తిరిగివచ్చారు.

ఇక్కడ దరిద్ర శబ్దపు పాత అర్థం, ‘డెస్టిట్యూషన్’ మూలార్థం కలుస్తాయి. ఒకటి పరుగెత్తే మనిషిని చూపుతుంది, మరొకటి ఆ పరుగుకు కారణమైన విడిచిపెట్టడాన్ని. మొదటిది మాత్రమే చూస్తే వలస ఒక అలవాటుగానో, ఆ ప్రాంతపు స్వభావంగానో కనిపిస్తుంది. రెండవది చేర్చినప్పుడే అది చరిత్ర అవుతుంది.

నడిగడ్డకే చెందిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో కావ్యాల నుండి, సామెతల నుండి జనజీవనాన్ని వెలికితీశారు. ఆ పద్ధతిని నిఘంటువులకూ విస్తరించవచ్చు. ‘డెస్టిట్యూషన్’ను ‘నిరుపేదరికం’గా అనువదించినప్పుడు విడిచిపెట్టినవాడు వాక్యం నుండి తప్పుకుంటాడు. ‘దిక్కులేనితనం’ అన్నప్పుడు, దిక్కుగా ఉండవలసినది ఎవరన్న ప్రశ్న మిగులుతుంది. పాలమూరు విషయంలో ఆ ప్రశ్నను మిగిల్చే పదమే సరైన అనువాదం.