అటవీ కళాశాల, పరిశోధన సంస్థ (ములుగు)

అటవీ కళాశాల, పరిశోధన సంస్థ అడవులు, నేల, నీరు, వన్యప్రాణుల వంటి సహజ వనరుల సంరక్షణను బోధించే తెలంగాణ ప్రభుత్వ విద్యాసంస్థ. ఇది హైదరాబాదుకు ఉత్తరాన, సిద్దిపేట జిల్లా ములుగులో ఉంది. ఇదే పేరున్న జిల్లా కేంద్రం వేరు. తమిళనాడులోని మెట్టుపాళయం అటవీ కళాశాల నమూనాగా 2016లో హైదరాబాదు శివారు దూలపల్లిలో తరగతులు మొదలయ్యాయి. ములుగు ప్రాంగణాన్ని 2019 డిసెంబరు 11న ప్రారంభించారు.

ప్రధాన కోర్సు నాలుగేళ్ల బీఎస్సీ (ఆనర్స్) ఫారెస్ట్రీ. నర్సరీల పెంపకం, చెట్ల కొలత, పొలంలో పంటతోపాటు చెట్లను పెంచే పద్ధతి, నేల కోత నివారణ, వన్యప్రాణుల నిర్వహణ ఈ శాస్త్రంలోని ముఖ్య విభాగాలు. తరగతి గదికే పరిమితం చేయదగిన చదువు కాదు గనుక క్షేత్ర శిక్షణ ఇందులో అత్యంత కీలకం. తర్వాత ఎమ్మెస్సీ కూడా చేరింది. ఈ సంస్థను అటవీ విశ్వవిద్యాలయంగా మార్చే బిల్లును రాష్ట్ర శాసనసభ 2022 సెప్టెంబరులో ఆమోదించింది.