మలక్‌పేట మైదానమున పందెపు సొమ్ము

హైదరాబాదు గుఱ్ఱపుపందెముల చరిత్ర వ్రాయబూనినవారు సాధారణముగా గెలిచిన గుఱ్ఱముల పేర్లతోడను, వాని నెక్కిన జాకీల పేర్లతోడను పుటలు నింపుదురు. ఆ పేర్లు ఆదరణీయములే. కాని గెలుపునకు లభించు సొమ్ము ఎచ్చటినుండి వచ్చెను, గుఱ్ఱమును పుట్టించి పెంచినవాని శ్రమకు ఎవ్వరు వెల గట్టిరి అను ప్రశ్న నడుగక ఈ పందెముల జీవితము బోధపడదు గనుక, ఈ ఉత్సవ సంచికకు వ్రాయు నాలుగు మాటలను ఆ ప్రశ్నకే వినియోగించుచున్నాను.

పందెములు మొదట 1868లో మౌలాలి యందు జరిగినవి. 1884లో రాజ్యాధికారమును స్వయముగా చేపట్టిన ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్, తన మహబూబ్ మాన్షనుకు చేరువగా నుండవలెనని 1886లో వానిని మలక్‌పేటకు తరలించెను. ఆ దినములలో అశ్వము కేవలము వినోదవస్తువు కాదు. సేనకును సవారికిని అది లేనిదే పని జరుగదు. నేడు మహారాష్ట్రమున నాందేడు జిల్లాలో చేరియున్న మాలెగాం జాతర, నాడు నిజాము రాజ్యములోనిదై, గుఱ్ఱముల క్రయవిక్రయములకు పేరెన్నిక గన్నది. అట్టి దేశమున ప్రభువు పందెముల నాదరించుట యనగా మేలుజాతి గుఱ్ఱమును పెంచినవానిని గౌరవించుటయే. అయితే ఒక్కరి ఆదరము మీద నిలిచినది ఆ ఒక్కరితోడనే సన్నగిల్లును. 1911లో మహబూబ్ అలీఖాన్ గతించిన పిమ్మట మలక్‌పేటకు ఆ వైభవము నిలువలేదు.

ఈ పందెములను నడుపు ఇప్పటి క్లబ్బు 1961లో పునఃస్థాపితమై, 1968లో మలక్‌పేటకు తిరిగివచ్చినది. కాని పందెముల మీదను, వానిపై ఒడ్డు పణముల మీదను పన్ను విధించు హైదరాబాదు శాసనము 1358 ఫసలీ నాటిది. అనగా పోలీసుచర్య ముగిసిన కాలముననే వచ్చినది. క్లబ్బుకంటె ముందే పన్ను సిద్ధమై యున్నదన్నమాట. పన్ను విధించుటను నేను తప్పుపట్టను. పందెపు టికెట్లమ్ము టోటె కిటికీ వద్ద నెలజీతము పోగొట్టుకొని రిక్తహస్తములతో ఇల్లు చేరినవాని భార్యాబిడ్డల నెఱిగినవా డెవ్వడును దానిని తప్పుపట్టజాలడు. నా వేదన యంతయు, వచ్చిన దానిలో లేశమైనను అశ్వపోషకునకు చేరు త్రోవ ఏర్పడకపోవుటను గూర్చియే.

ఇచ్చట క్లబ్బు మరల పుట్టిన ఆ 1961లోనే బ్రిటిషు పార్లమెంటు శాసనము చేసి గుఱ్ఱపుపందెముల లెవీ బోర్డును నెలకొల్పినది. బుకీల నుండి సుంకము గైకొని, అశ్వజాతుల అభివృద్ధికిని, పశువైద్యశాస్త్రమునకును, పందెముల మెఱుగుదలకును వెచ్చించుట ఆ బోర్డు ధర్మము. ఐర్లండు ప్రభుత్వము 1946లోనే కిల్డేరు ప్రాంతమున టల్లీ యందలి అశ్వశాలను జాతీయసంస్థగా నిలిపినది. 2001 నాటి శాసనముతో ప్రత్యేకనిధి నొకదానిని కల్పించి, నూటికి 80 వంతులు గుఱ్ఱపుపందెములకును, 20 వంతులు వేటకుక్కల పందెములకును కేటాయించినది. ఆ చిన్నదేశము గుఱ్ఱపుపెంపకమును గ్రామీణవృత్తిగా గుర్తించిన తీరు నన్ను మిక్కిలి ఆకర్షించినది.

మనయొద్ద పందెపుసొమ్మునకు ప్రధానాధారము టికెట్టు కొనినవాడే. టోటెలో పోగైన మొత్తమునుండి పన్నును, క్లబ్బు భాగమును పోగా మిగిలినది గెలిచిన టికెట్లకు పంచబడును. ఆ క్లబ్బు భాగమునుండియే పచ్చికబాట, లాయములు, వైద్యులు, సిబ్బంది జీతములు, బహుమతులు అన్నియు నడువవలెను. బహుమతి తగ్గిన యజమాని మఱియొక గుఱ్ఱమును కొనుటకు వెనుదీయును. అతడు కొననిచో పుణె, పంజాబు, హర్యానా ప్రాంతముల పెంపకశాలలలో పిల్ల అమ్ముడుపోదు. బడబ పదునొకండు నెలలు గర్భము మోసి ఈనిన కిశోరము రెండేండ్లు నిండిన గాని పందెమున దిగదు గదా. అంతకాలము గ్రాసము పెట్టి, మందు పోయించి, రాత్రులు లాయమున మేల్కొన్నవాని ఫలము, వాడెన్నడును చూడని మలక్‌పేట బహుమతి మీద ఆధారపడి యుండును. అక్టోబరు 2న జరుగు దక్కన్ డెర్బీకి గాని, శీతకాలపు గోల్కొండ డెర్బీకి గాని పరువెత్తునది ఈ దేశమున పుట్టిన గుఱ్ఱమే.

1974లో తమిళనాడు శాసనసభ పందెములనే రద్దుపఱుప నెంచినది. ఆ వివాదమున 1996లో సుప్రీంకోర్టు, గుఱ్ఱపుపందెము ప్రధానముగా నైపుణ్యమున కధీనమని తీర్పు చెప్పినది. ఆ తీర్పుతో పందెములకు ప్రాణము నిలిచెను గాని భారము తగ్గలేదు. 2017లో జి.ఎస్.టి. 28 శాతమైనది, 2023 అక్టోబరు నుండి ఒడ్డిన మొత్తము విలువ మీదనే లెక్కింపబడినది, 2025 సెప్టెంబరులో 40 శాతమునకు చేరినది. ఇంత భారము మోయు టికెట్టును విడిచి, పన్ను చెల్లింపని చాటుబుకీ చెంతకు జనము మరలినచో, ఖజానాకును క్లబ్బుకును పెంపకందారునకును ఒక్కమాఱే నష్టము.

ఈ పన్నులో రాష్ట్రమునకును వాటా గలదు. ఆ వాటాలో నూటికి ఒక్క పాలును శాసనబద్ధమైన నిధిగా వేఱుపఱచి, ఏటేట లెక్కలు ప్రకటించుచు, భారతదేశమున పుట్టిన గుఱ్ఱము గెలిచినప్పుడు దాని పెంపకందారునకు కొంతయు, తెల్లవాఱకముందే లాయమున దిగు సైసుల వైద్యమునకు కొంతయు, రాజేంద్రనగరు పశువైద్య కళాశాలలో అశ్వచికిత్సాబోధనకు కొంతయు కేటాయింపవలెనని మన శాసనసభ్యులను ప్రార్థించుచున్నాను.