ఓటీ లేని నెల చీటీ

సాయంత్రం నాలుగున్నర. బొగ్గు గనిలో మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, శ్రీరాంపూర్‌లో ఆటో ఎక్కిన మనిషి ఐబీ చౌరస్తాలో దిగుతాడు. ఎంత కడిగినా రెప్పల అంచున బొగ్గు కాటుకలా మిగిలే ఉంది. మీరు అతని వెంటే వకీలు ఆఫీసు మెట్లెక్కి గోడవార బెంచీ మీద కూర్చుంటారు.

"సార్, ఐపీ పెడదామనుకుంటున్న."

గొంతు తగ్గించి అంటాడు. ఐపీ పెట్టిండంటే ఊళ్లో తల దించుకోవాల్సిన మాట. దాని అసలు పేరు ఇన్సాల్వెన్సీ పిటిషన్ అని తెలిసినవాళ్లు తక్కువ. బిడ్డ పెండ్లి అప్పు, ఫైనాన్స్ కిస్తీ, నూటికి మూడు రూపాయల మిత్తికి రాసిచ్చిన నోట్లు. అన్నీ కలిసి ఇక్కడిదాకా తెచ్చాయి.

ప్లాస్టిక్ కవరులోంచి మూడు జీతం చీటీలు తీసి బల్ల మీద పరుస్తాడు. వకీలు వేలు ఓటీ గడి మీద ఆగుతుంది. ఒక దాంట్లో 12 వేలు.

"అర్నెల్లవి తెమ్మన్న గదనే. కడమ మూడేవి?"

"వాటిల ఓటీ లేదు సార్. అవి చూపెడితే ఏం లాభం?"

వకీలు నవ్వడు. కాగితం మీద లెక్క వేస్తాడు. "నీకు 73 వేల జీతమొచ్చిన నెలల జప్తయితే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి వెయ్యి నీది. మిగిలిన దాంట్ల మూడింట రెండొంతులు నీవే. 24 వేలు పోతయి. ఓటీ లేని నెల 61 వేలే, పోయేటివి 20 వేలు. అదే సెక్షన్ల కూలీల వేతనం ముట్టొద్దని గూడ ఉంది. పని నేర్చినోడు గూడ కూలీనే, బోనస్ గూడ వేతనమే. నువ్వు కూలీవని మేమంటం, ఉద్యోగివని అప్పులోళ్లంటరు."

"ఐపీ పెడితే?"

"2016ల కొత్త దివాలా చట్టమొచ్చింది గని, మనుషుల విషయంల 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పుకు పూచీ పడ్డోళ్లకే అమలైంది. నీకు 1920 నాటి పాత చట్టమే. జప్తుకు రానిది అండ్ల గూడ రాదు. కాని అప్పుల నుంచి నిన్ను విడిపించేటప్పుడు, ఇగ ముందు వచ్చే సంపాదన మీద షరతు పెట్టే అధికారం 41వ సెక్షన్ కోర్టుకిచ్చింది. లేదా ఇంతింత కడతనని నువ్వే 38 కింద ముందుకు రావాలె. బాకీ రుజువై కోర్టుకొచ్చిన అప్పులోళ్లల ఎక్కువమంది, వాళ్ల బాకీ మొత్తంల ముప్పావు వంతు ఉన్నోళ్లు ఒప్పుకోవాలె."

వీధిలో ఏదో బండి హారన్ మోగి ఆగుతుంది. అతను చీటీలనే చూస్తున్నాడు.

"ఈ మూడు నెలలే చూపెట్టి కిస్తీ ఒప్పుకున్నవనుకో, సెలవు నాటి ప్లేడే డ్యూటీకి పిలవని నెల ఏం కడతవ్? అమెరికల ఇసుంటి దివాలా కేసుల్ల అర్నెల్ల సగటు తీస్తరు. లానింగ్ అనే ఆమెకు ఆ అర్నెల్లల ఒక్కపాలి పెద్ద పైకమొచ్చి సగటు పెరిగింది. ముందు ఆదాయం తగ్గుతదని ఖాయంగ తెలిసినప్పుడు అది గూడ లెక్కల పట్టొచ్చని 2010ల అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. మరి మీ బొగ్గు బాయిల వచ్చే నెల ఓటీ ఎంతో నీకెరుకనా?"

"మా మేనేజర్‌కే ఎరుక లేదు సార్."

"అందుకే కిస్తీ ఓటీ లేని జీతం మీద రాద్దం. ఓటీ వస్తే, వచ్చిన నెలల అండ్ల ఇంత వంతని వేరే రాద్దం. రాని నెల రాలేదని చీటీ చూపెట్టు. అబద్ధమాడినట్టు ఉండదు, మాట తప్పినట్టు గూడ ఉండదు."

కాసేపు ఎవరూ మాట్లాడరు. అతను చొక్కా జేబులో చెయ్యి పెట్టి, నాలుగు మడతలు పడ్డ మూడు కాగితాలు తీస్తాడు. ఇంట్లో మరిచిపోలేదు, తెచ్చి దాచుకున్నాడు. ఒక్కొక్కటీ విప్పి, అరచేత్తో సాపు చేసి, మంచి నెలల చీటీల మీద పెడతాడు. మూడింటిలోనూ ఓటీ గడిలో సున్నా.

వకీలు వాటినే ముందు ఫైల్లో గుచ్చుతాడు.