బాల్నా కథ చెప్పిన ఆయా

1865 చలికాలం. బొంబాయి గవర్నరు సర్ బార్టిల్ ఫ్రియర్ దక్కను పర్యటనకు బయలుదేరాడు. డేరాలు, ఏనుగులు, ఒంటెలు, వందలమంది జనం. అంత బిడారంలో ఇరవయ్యేళ్ళ కూతురు మేరీకి తోడున్న ఆడమనిషి ఒక్కతే: ఆయా ఆనా లిబెరాటా డిసౌజా. తల్లి ఇంగ్లండులో ఉంది.

పొద్దుపోక మేరీ అడిగింది.

"ఒక కథ చెప్పు ఆయా."

"నాకెక్కడ గుర్తున్నాయి మిస్సీ బాబా! అవన్నీ మా అవ్వ చెప్పేది."

"నీ పిల్లలకు చెప్పే ఉంటావుగా?"

ఆనా కాసేపు ఆలోచించింది. తర్వాత మొదలుపెట్టింది.

మాటలు మనం అల్లినవి. కథలు అడిగి చెప్పించుకున్నట్టు మాత్రం మేరీయే ఆ కథలతో తెచ్చిన పుస్తకం ముందుమాటలో రాసింది. ఆనా చెబుతుంటే రాసుకునేది, మళ్ళీ చదివి వినిపించి సరిచూసుకునేది.

పుస్తకంలో మొదటి కథ 'పంచ్‌కిన్'. రాజుగారి ఏడుగురు కూతుళ్ళలో చిన్నది బాల్నా. మాంత్రికుడు పంచ్‌కిన్ ఆమెను చెరబడతాడు, వెతుక్కుంటూ వచ్చిన మొగుణ్ణి రాయిని చేస్తాడు. మాంత్రికుడి ప్రాణం దూరాన అడవిలో, ఒకదానిమీద ఒకటి పేర్చిన ఆరు నీటి కుండల కింద, పంజరంలోని పచ్చ చిలుకలో ఉంటుంది. బాల్నా కొడుకు పెద్దవాడై ఆ చిలుకను పట్టుకొస్తాడు. రెక్క పెరికితే మాంత్రికుడి చెయ్యి ఊడిపడుతుంది. కాలు పీకితే కాలు.

తాండూరు సంతలో ఏ పెద్దాయనకు ఈ కథ వినిపించినా "గిది మా బాలనాగమ్మ కథనే గదా" అంటాడు. మాయల ఫకీరు పేరు మారిందంతే! బిడారం తిరిగిన బిజాపూరు, షోలాపూరు సీమ మనకు మరీ పరాయిదేం కాదు. మన కాగ్నా నది పోయి కలిసేది అటువైపు పారే భీమలోనే.

పుస్తకానికి బొమ్మలు వేసింది ఆ డేరాలో లేని చెల్లెలు కేథరీన్. ఆ కాలంలో సిరాగీత కాగితం మీది నుంచి నేరుగా అచ్చయ్యేది కాదు. చెక్క దిమ్మ మీద చెక్కాలి, లేదా బవేరియా నుంచి తెప్పించిన సున్నపురాయి పలక మీద జిడ్డు సిరాతో గీయాలి. తాండూరు నాపరాయి కూడా సున్నపురాయే, మనం గచ్చుకి వాడుకున్నాం.

1868లో లండన్‌లో జాన్ మరీ సంస్థ 'ఓల్డ్ దక్కన్ డేస్' అచ్చువేసింది. ముఖపత్రం మీద సేకరణ మేరీది, పీఠిక తండ్రిది, బొమ్మలు కేథరీన్‌వి. ఆనా లోపలి పేజీల్లో ఉంది. తన బతుకు తానే చెప్పుకున్న అధ్యాయం ఒకటి ఆమెకు దక్కింది. నన్నడిగితే బొమ్మల కన్నా ముందు చదవాల్సింది అదే.