వేగం, గురి, తన్ను: అమెరికా చేతితుపాకి తూటాల వివాదం – చారిత్రక పరిశీలన (1904–2016)

వ్యాససంగ్రహం

చేతితుపాకికి బరువైన, నెమ్మదైన గుండు మేలా? తేలికైన, వేగవంతమైన గుండు మేలా? అమెరికా సైనిక, పోలీసు వ్యవస్థలు ఈ ప్రశ్నకు శతాబ్దానికి పైగా పరస్పర విరుద్ధమైన సమాధానాలు చెబుతూ వచ్చాయి. 1904 నాటి సైనిక పరీక్షల నుంచి 2016లో ఎఫ్.బి.ఐ. 9 మి.మీ. పిస్తోలును తిరిగి స్వీకరించడం వరకు జరిగిన పరిణామాలను ఈ వ్యాసం గురి, తన్ను, నిత్యధారణ అనే మూడు ప్రమాణాలతో పరిశీలిస్తుంది. ప్రతి మలుపులోనూ తూటా గురించిన సిఫారసు అమలైందనీ, పేల్చే చేతి గురించిన సిఫారసు వెనుకబడిందనీ నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: తూటా, గుండు, గతిజశక్తి, ద్రవ్యవేగం, తన్ను, గురి, .357 మ్యాగ్నమ్, 9 మి.మీ. పారాబెల్లమ్, ఎఫ్.బి.ఐ.

1. ఉపోద్ఘాతం

వాడుకలో తూటా, గుండు అనే మాటలను ఒకే అర్థంలో ప్రయోగిస్తుంటారు. ఈ వ్యాసంలో గుల్ల, మందు, గుండు కలిసిన మొత్తానికి ‘తూటా’ అనీ, గొట్టం నుంచి వెలువడే లోహఖండానికి ‘గుండు’ అనీ వ్యవహారం. పేల్చినప్పుడు ఆయుధం చేతిని వెనక్కి నెట్టే బలానికి జనవ్యవహారంలోని ‘తన్ను’ అనే మాటనే గ్రహించడమైంది. గుండు బరువును పాశ్చాత్యులు గ్రెయిన్లలో లెక్కిస్తారు. సుమారు రెండు గ్రెయిన్లు మన గురిగింజ ఎత్తుకు సమానం.

ఆయుధచరిత్రను యంత్రాల చరిత్రగా రాయడం పరిపాటి. అయితే ఏ తూటా ఎందుకు స్వీకృతమైందో తెలుసుకోవాలంటే ఆ నిర్ణయానికి ముందు జరిగిన సంఘటననూ, ఆ సంఘటన నుంచి పాలకులు నేర్చిన పాఠాన్నీ కలిపి చదవాలి. ఆ పాఠం సరైనదేనా అన్నది ఇక్కడి అసలు ప్రశ్న.

2. బరువు పక్షం: 1904 పరీక్షలు

ఫిలిప్పీన్స్‌లో మోరో యోధులతో తలపడిన అమెరికా సైనికుల వద్ద .38 లాంగ్ కోల్ట్ రివాల్వర్లు ఉండేవి. వాటి 150 గ్రెయిన్ల గుండు సెకనుకు 800 అడుగుల వేగాన్నైనా అందుకునేది కాదు. గుండ్లు తగిలినా ప్రత్యర్థులు ఆగడం లేదన్న ఫిర్యాదులపై 1904లో జాన్ థాంప్సన్, సైనికవైద్యుడు లూయీ లగార్డ్ విచారణ జరిపారు. షికాగో పశువధశాలల్లోని పశువులపైనా, మానవ కళేబరాలపైనా వివిధ తూటాలను ప్రయోగించి చూశారు. వాటిలో ఆస్ట్రియన్ రూపకర్త గియోర్గ్ లూగర్ రూపొందించిన 7.65, 9 మి.మీ. వేగవంతమైన తూటాలు కూడా ఉన్నాయి.

సైనికుల చేతితుపాకి .45 అంగుళాల కంటే తక్కువ వ్యాసం గలది కాకూడదని నివేదిక తేల్చింది. దాని ఫలితమే 1911లో స్వీకృతమైన జాన్ బ్రౌనింగ్ పిస్తోలు. దాని .45 తూటాలోని 230 గ్రెయిన్ల గుండు సెకనుకు సుమారు 830 అడుగుల వేగంతో వెలువడుతుంది. ఆ నివేదికలో మరో సిఫారసు ఉంది. ఏ చేతితుపాకీ కీలకస్థానానికి తగలనిదే నమ్మదగినది కాదనీ, అందుచేత సైనికులకు గురిలో ఎడతెగని అభ్యాసం కావాలనీ దాని సారాంశం. మొదటి సిఫారసు ఆయుధమై డెబ్బై ఏళ్లకు పైగా నిలిచింది. రెండోది చాలామంది స్మృతిపథం నుంచి తొలగిపోయింది.

3. వేగ పక్షం: .38 సూపర్, .357 మ్యాగ్నమ్

మద్యనిషేధ కాలంలో నేరస్థులు మోటారు కార్లను, గుండు నిరోధక కవచాలను వాడటం మొదలుపెట్టారు. కారు తలుపును ఛేదించగల తూటా కోసం పోలీసులు వెదికారు. 1929లో కోల్ట్ సంస్థ .38 సూపర్‌ను విడుదల చేసింది. 130 గ్రెయిన్ల గుండును సెకనుకు సుమారు 1,200 అడుగుల వేగంతో పంపగల ఈ తూటాకు ‘గురి తప్పేది’ అన్న అపకీర్తి కలిగింది. లోపం వేగానిది కాదు. తూటా గదిలో గుల్ల తన సన్నని వెనుక అంచు ఆధారంగా నిలిచేది. అందువల్ల ప్రతి తూటా ఒకే స్థితిలో కుదురుకునేది కాదు. తరువాతి కాలంలో గుల్ల మూతి ఆధారంగా నిలిచేలా గొట్టాలను తయారుచేయగా అదే తూటా పోటీల్లో మేటిగా పేరుపొందింది. గురి గుండులో కంటే అమరికలో ఉంటుందనడానికి ఇది చక్కని నిదర్శనం.

1935లో స్మిత్ అండ్ వెసన్, వించెస్టర్ సంస్థలు .357 మ్యాగ్నమ్‌ను వెలువరించాయి. డగ్లస్ వెసన్, ఫిల్ షార్ప్, ఎల్మర్ కీత్ దీని రూపకల్పనతో సంబంధం గలవారు. మొదటి రివాల్వర్ ఎఫ్.బి.ఐ. అధిపతి జె. ఎడ్గార్ హూవర్‌కు అందింది. పాత .38 స్పెషల్ రివాల్వర్లలో ఈ అధికపీడన తూటా పట్టకుండా గుల్ల పొడవును అంగుళంలో ఎనిమిదో వంతు పెంచారు. పొడవైన గొట్టం నుంచి 158 గ్రెయిన్ల గుండుకు సెకనుకు 1,500 అడుగుల వేగం వస్తుందని నాటి ప్రచారం.

4. తన్ను లెక్క

గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ద్రవ్యవేగం వేగాన్ని బట్టి మాత్రమే పెరుగుతుంది. చేతికి తెలిసే తన్ను ప్రధానంగా ద్రవ్యవేగానికి చెందినది. 230 గ్రెయిన్ల .45 గుండు 830 అడుగుల వేగంతో సుమారు 350 అడుగు-పౌండ్ల శక్తిని మోస్తుంది. 124 గ్రెయిన్ల 9 మి.మీ. గుండు 1,150 అడుగుల వేగంతో సుమారు 364 అడుగు-పౌండ్లను మోస్తుంది. శక్తి దాదాపు సమానం. ద్రవ్యవేగంలో మాత్రం 9 మి.మీ. నాలుగింట మూడు వంతులే. వేగ పక్షానికి ఇది బలమైన వాదం.

అయితే ఆ వాదానికి హద్దు ఉంది. 125 గ్రెయిన్ల .357 గుండును 1,450 అడుగుల వేగంతో పంపితే శక్తి సుమారు 584 అడుగు-పౌండ్లకు చేరుతుంది. అప్పుడు ద్రవ్యవేగం కూడా .45కు దరిదాపుల్లోకి వస్తుంది. అధికమైన మందు వాయువుల తోపు, చెవులు చిల్లులుపడే మోత, కళ్లు మిరుమిట్లుగొలిపే మంట దానికి తోడవుతాయి. ఇక వేగం వల్ల గుండు చదునుగా పోతుందన్న ప్రయోజనం దగ్గరి దూరాల్లో స్వల్పం. 25 గజాల దూరంలో ఈ రెండు గుండ్ల పతనంలో తేడా సుమారు ఒక అంగుళమే. తన్నుకు భయపడి చేయి అదిరితే తప్పే గురి దానికి ఎన్నో రెట్లు.

5. న్యూహాల్, మయామి

1970 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని న్యూహాల్ వద్ద నలుగురు హైవే గస్తీ అధికారులు కాల్పుల్లో మరణించారు. తేలికైన .38 తూటాలతో శిక్షణ ఇచ్చి, విధుల్లో .357 తూటాలను వాడనిచ్చిన పద్ధతిపై ఆ తరువాత తీవ్రమైన విమర్శ వచ్చింది. అలవాటులేని తన్ను ఆపత్కాలంలోనే మొదటిసారి ఎదురుకాకూడదన్నది ఆ విమర్శ సారం. విధుల్లో వాడే తూటాతోనే అభ్యాసం చేయాలన్న నియమానికి ఇది బలం చేకూర్చింది.

1986 ఏప్రిల్ 11న మయామిలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్.బి.ఐ. అధికారులు మరణించారు, ఐదుగురు గాయపడ్డారు. ఒక అధికారి పేల్చిన 115 గ్రెయిన్ల 9 మి.మీ. గుండు దుండగుని చేతిని చీల్చుకొని ఛాతీలోకి ప్రవేశించి గుండెకు కొద్ది దూరంలో ఆగిపోయింది. అతడు ఆ తరువాత కూడా పోరాడాడు. నింద 9 మి.మీ.పై పడింది. కాని దుండగుని చేతిలో ఉన్నది రైఫిల్. అధికారుల వద్ద అధికంగా ఉన్నవి రివాల్వర్లు, పిస్తోళ్లు. తూటాల తులనలో ఈ అసమానత మరుగునపడింది.

1989లో యూరీ పాట్రిక్ రచించిన ఎఫ్.బి.ఐ. పత్రం చర్చను వేగం నుంచి లోతు వైపు మళ్లించింది. గుండు కనీసం 12 అంగుళాల లోతుకు చొచ్చుకుపోవాలన్నది దాని ప్రమాణం.

6. 10 మి.మీ. నుంచి మళ్లీ 9 మి.మీ.కు

ఎఫ్.బి.ఐ. మొదట 10 మి.మీ. తూటాను ఎంచుకున్నది. పూర్తి బలంతో దాని తన్ను అధికమని తేలగా, 180 గ్రెయిన్ల గుండును 1,000 అడుగుల లోపు వేగానికి తగ్గించారు. తగ్గించిన మందుకు అంత పొడవైన గుల్ల అవసరం లేదు. దాన్ని కుదించగా 1990లో .40 స్మిత్ అండ్ వెసన్ పుట్టింది. 1994లో సిగ్, ఫెడరల్ సంస్థలు .40 ఆధారంగా మెడ సన్నగిల్లిన గుల్లతో .357 సిగ్‌ను రూపొందించాయి. 125 గ్రెయిన్ల గుండుకు సుమారు 1,350 అడుగుల వేగంతో పాత మ్యాగ్నమ్ కీర్తిని పిస్తోలుకు తేవడం దాని ఆశయం. అమెరికా సీక్రెట్ సర్వీస్ దాన్ని స్వీకరించింది.

2014లో ఎఫ్.బి.ఐ. శిక్షణవిభాగం తన వైఖరి మార్చుకున్నది. గుండ్ల నిర్మాణం మెరుగుపడటంతో 9 మి.మీ. సైతం లోతు ప్రమాణాన్ని అందుకుంటున్నదనీ, ఎక్కువమంది దానితోనే త్వరగా, గురిగా పేలుస్తున్నారనీ ప్రకటించింది. నిజమైన కాల్పుల్లో అధికారుల గుండ్లలో 70 నుంచి 80 శాతం గురి తప్పుతున్నాయని ఆ పత్రం పేర్కొన్నది. 2016లో 9 మి.మీ. పిస్తోళ్ల ఒప్పందం గ్లాక్ సంస్థకు దక్కింది. గురి తప్పిన గుండు ఎవరికో ఒకరికి తగలవచ్చు. దారిన పోయే మనిషి ప్రాణం ఈ లెక్కలో దాగి ఉంది.

7. నిత్యధారణ

పౌరుల ఆయుధధారణకు ఫ్లోరిడా 1987లో సులభమైన అనుమతి విధానాన్ని ప్రవేశపెట్టింది. ఇతర రాష్ట్రాలు అనేకం ఆ దారి పట్టాయి. 1994 నాటి సమాఖ్య చట్టం కొత్త మ్యాగజైన్లను పది తూటాలకు పరిమితం చేసింది. పదే దక్కేటప్పుడు పెద్ద తూటాలే మేలన్న భావన బలపడింది. 2004లో ఆ చట్టం గడువు ముగియడంతో ఎక్కువ తూటాలు పట్టే 9 మి.మీ.కు అనుకూలత పెరిగింది. అంటే అభిరుచి వెనుక చట్టం కూడా ఉంది.

జేబులో ఇమిడే ఆయుధంలో వేగం రెండు విధాల నష్టపోతుంది. పొట్టి గొట్టంలో .357 తన వేగంలో సెకనుకు 200 అడుగులకు పైగా కోల్పోవచ్చు. ఆయుధం తేలికైతే తన్ను రెట్టిస్తుంది. 350 గ్రాముల లోపు బరువున్న మ్యాగ్నమ్ రివాల్వర్లు మార్కెట్లోకి వచ్చినా, వాటిలో .38 స్పెషల్ నింపుకునేవారు అనేకులు. మోయడానికి హాయిగా ఉన్నది పేల్చడానికి హింసగా మారింది.

8. భారతీయ సంబంధం

ఈ చరిత్రకు కలకత్తా సమీపంలోని డమ్‌డమ్‌తో సంబంధం ఉంది. 1890లలో అక్కడి ఆయుధశాలలో మొన మెత్తగా ఉండి, తగలగానే విప్పారే రైఫిల్ గుండ్లు తయారయ్యాయి. 1899 హేగ్ ప్రకటన అటువంటి గుండ్లను యుద్ధాల్లో నిషేధించింది. అందుచేతనే సైనిక పిస్తోళ్లకు నిండు లోహకవచం గల గుండ్లు వాడుకలో నిలిచాయి. పోలీసుల తూటాలు మాత్రం విప్పారే దిశగా సాగాయి. విప్పారడానికి తగిన వేగం అవసరం గనుక వేగ వాదానికి ఇది మరో ఆధారమైంది. భారతదేశంలో 9 మి.మీ. పౌరులకు నిషిద్ధ వర్గానికి చెందినది. కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్లే లైసెన్సుదారులకు సుపరిచితం. అమెరికాలో అనుభవం, సంత కలిసి చేసిన ఎంపికను ఇక్కడ చట్టమే చేసింది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• ప్రతి తూటా ఒక విషాదానికి సమాధానంగా వచ్చింది. ఆ విషాదంలోని ఇతర కారణాలను అది కప్పివేసింది కూడా.

• వేగాన్ని అంకెల్లో చూపడం సులభం. చేతి అదురు అలా చూపగలిగేది కాదు. కనుక సంస్థలు అంకెనే నమ్మాయి.

• అధికవేగం శక్తినిచ్చినా తన్ను, మోత, మంట రూపంలో గురిని హరించింది. పొట్టి, తేలిక ఆయుధాల్లో ఈ నష్టం మరింత ఎక్కువ.

• 2014లో ఎఫ్.బి.ఐ. చేరిన నిర్ణయం 1904 నివేదికలోని రెండో సిఫారసుకు చాలా దగ్గరిది. నూటపదేళ్లపాటు సంస్థలు తూటాలు మార్చాయి. అభ్యాసం గురించిన మాట మాత్రం మొదటి నివేదికలోనే ఉంది.