కొన్న సరుకు

మొన్న ఆదివారం మా ఇంట్లో ఓ చిన్న పరీక్ష జరిగింది. కూర్చున్నవి జంతికలూ, చేగోడీలూ, ఆలూ చిప్సూ, అప్పడాలూను. మార్కులు వేసింది మా అత్తగారు. పిండివంటకు ఓపిక లేక సూపర్ మార్కెట్ నుంచి నాలుగు పొట్లాలు పట్టుకొచ్చాను లెండి. జంతికల్లో వాము లేదన్నారు. చేగోడీలు గులకరాళ్ళన్నారు. చిప్సు ఒట్టి ఉప్పన్నారు. వేయించిన అప్పడాన్ని మాత్రం ఏమీ అనకుండా తినేసి, "ఎంతైనా కొన్న సరుకే. ఆడదాని చెయ్యి పడనిది!" అని తేల్చేశారు.

నిజంగా చెయ్యి పడలేదా? ఆ మాట పట్టుకుని కాస్త వెనక్కి వెళ్ళాను.

వస్తువుని మనమే అందుకుని బుట్టలో వేసుకునే కొట్టు 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో మొదలైంది. అంతకు ముందు అక్కడా మన కిరాణా కొట్టు పద్ధతే. మనం చెప్తే కొట్టువాడు తూచి కట్టేవాడు. మన చేత్తో మనమే తీసుకోవాలంటే సరుకు ముందుగానే పొట్లం కట్టి ఉండాలి కదా! ఆ రోజుల్లో చిప్సు పీపాల్లోంచి విడిగా అమ్మేవారు. అడుగున ఉన్నవి మెత్తబడి, నుగ్గయి, ఎవరికీ పనికొచ్చేవి కావు.

1926లో కాలిఫోర్నియాలో లారా స్కడర్ అనే ఆవిడ దీనికో ఉపాయం కనిపెట్టింది. తన దగ్గర పనిచేసే ఆడవాళ్ళకి సాయంత్రం మైనపు కాగితాలిచ్చి పంపేది. వాళ్ళు ఇళ్ళ దగ్గర ఇస్త్రీపెట్టెతో అంచులు అతికి సంచులు చేసి తెచ్చేవారు. మర్నాడు వాటిలో చిప్సు నింపి, మూతి కూడా ఇస్త్రీపెట్టెతోనే అతికేవారు. ఈనాడు ఆ పని యంత్రాలు చేస్తున్నాయనుకోండి. అయినా పిల్లలు చించి పారేసే ఆ సంచీ వెనక, ఇంటి పనయ్యాక మేలుకుని కూర్చున్న ఇల్లాళ్ళున్నారన్నమాట.

ఇక మన దేశానికొద్దాం. 1959 మార్చి 15న బొంబాయి గిర్గాఁవ్‌లో ఏడుగురు గుజరాతీ గృహిణులు మేడ మీద చేరి అప్పడాలు ఒత్తారు. పెట్టుబడి 80 రూపాయలు, అదీ అప్పు. ఆ రోజు తయారైనవి నాలుగు పొట్లాలు. అదే లిజ్జత్ అప్పడం! పిండి కేంద్రంలో కలుపుతారు. ఆడవాళ్ళు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, ఒత్తి, ఆరబెట్టి, మర్నాడు అప్పజెప్పి కూలి తీసుకుంటారు. ఈనాడు అందులో వేలాదిమంది సభ్యులు. ఆ ఏడుగురిలో ఒకరైన జశ్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. అప్పడాలు ఒత్తినందుకు పద్మశ్రీ! వినడానికెంత బావుందో చూడండి.

ఇదంతా అత్తగారికి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మా పిన్నీ ఒత్తేదే" అన్నారు.

చిన్నతనంలోనే భర్త పోయిన ఆ పిన్నిగారు ఊళ్ళో పెళ్ళిళ్ళన్నింటికీ అప్పడాలూ వడియాలూ చేసేవారట. చీకటి పడ్డాక పెరటి గుమ్మంలోంచి అందించేవారట, అమ్ముకుంటోందని నలుగురూ అనుకుంటారేమోనని.

"మరి ఏమిచ్చేవారండీ?" అన్నాను.

"ఏమిస్తారమ్మా? కుంచెడు బియ్యం, ఓ పాత చీర. పైగా సాయం చేశామని చెప్పుకునేవాళ్ళు. ఆవిడ చేసింది పనని ఎవరనుకున్నారు గనక!"

మనం మాత్రం? జంతికలు బాగా లేకపోతే చేసినవాళ్ళని తిడతాం. బావుంటే 'మంచి కంపెనీ' అంటాం. మా వీధి చివర స్వగృహ దుకాణంలో ఎన్నేళ్ళుగానో కొంటున్నాను. లోపల పొయ్యి దగ్గర నిలబడ్డావిడ పేరు ఇంతవరకూ అడిగిన పాపాన పోలేదు.

సాయంత్రం అత్తగారు మా అమ్మాయిని పిలిచి, ఇంకో అప్పడం వేయించి తెమ్మన్నారు. దాన్ని వెలుతురులో పెట్టి, అంచులు ఎంత పల్చగా ఒత్తారో చూశారు.

"కొన్న సరుకే" అన్నారు.

రెండో మాట మాత్రం అనలేదు.